ఫ్లాప్ సరిగా వేయలేదు

2015లో నేను లీడ్స్‌లో వాషింగ్ మెషిన్లు, డ్రయ్యర్లు, డిష్‌వాషర్లు బాగుచేసేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. మాది ప్రొద్దుటూరు. అక్కడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, కొన్నాళ్ళు మోటార్లు రీవైండింగ్ చేసే షాపులో పనిచేశాను. నా భార్య సునీత నర్సు. ఆమెకు ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ఆమె వెంట నేనూ వచ్చాను. మొదట గోదాములో పెట్టెలు మోశాను. ఆ తర్వాత, రిటైర్ కాబోతున్న ఒక ఇంగ్లీషు మెకానిక్ వెంట రెండేళ్ళు తిరిగి ఈ విద్య నేర్చుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక సొంతంగా ఒక వ్యాను, ఒక పనిముట్ల పెట్టె పెట్టుకున్నాను.

నా పనిలో సగం వారంటీ పనులే. మెషిన్ అమ్మిన కంపెనీ తన మనిషిని పంపదు. ఆ బాధ్యతను ఒక వారంటీ కంపెనీకి అప్పగిస్తుంది. వాళ్ళు నాలాంటివాళ్ళకు ఫోన్‌లో పని పంపుతారు. పని అయ్యాక నేను జాబ్ షీట్ నింపాలి. అందులో మెషిన్ ఎందుకు చెడిపోయిందో చెప్పే కోడ్ ఒకటి వేయాలి. కారణాలన్నిటికీ నంబర్లుంటాయి. బెల్టు తెగితే ఒకటి, పంపు మూసుకుపోతే ఒకటి. వాడినవాళ్ళదే తప్పయితే దానికీ ఒక కోడ్ ఉంది. ఆ కోడ్ వేస్తే వారంటీ వర్తించదు. ఆ చిన్న గడిలో ఎంత బరువుందో తెలిసేసరికి నాకు ఈ పనిలో ఏడేళ్ళు నిండాయి.

ఈ దేశంలో ఎక్కువమంది వాడేది ఫ్రంట్‌లోడర్, అంటే ముందు గుండ్రటి తలుపున్నది. టాప్‌లోడర్లు అరుదు. ఉన్నవి కూడా మన ఇళ్ళలోని నిలువు తొట్టి మెషిన్లలాంటివి కావు. నలభై సెంటీమీటర్ల వెడల్పున్న సన్నటి పెట్టె. పై మూత ఎత్తితే లోపల ఒక డ్రమ్ము అడ్డంగా పడుకుని ఉంటుంది. ఆ డ్రమ్ముకు రెండు రేకు రెక్కలు. వాటిని ఫ్లాప్ అంటాం. బట్టలు వేసి రెండు రెక్కల్నీ కలిపి నొక్కితే, ఒక రెక్క కొక్కేలు రెండో రెక్కకున్న చిన్న కిటికీల్లోంచి బయటికి వచ్చి పడతాయి. అవి పడకుండా మెషిన్ తిరిగిందంటే, బట్టలు పిండే వేగంలో రెక్క తెరుచుకుని బయటి తొట్టిని చీల్చేస్తుంది. ఇరుకు వంటగదులున్నవాళ్ళూ, నడుము వంచలేనివాళ్ళూ ఈ మెషిన్లు కొంటారు.

రాజ్యలక్ష్మి ఆంటీ నడుము వంచలేరు. ఆవిడ వెన్నెముకకు ఆపరేషన్ జరిగినప్పుడు సునీత అదే వార్డులో ఉంది. తెలుగు మాట వినబడగానే ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆవిడది రాజమండ్రి. పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చి, ఇక్కడి సెకండరీ స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పారు. అంకుల్ పోయాక, రౌండ్‌హే పార్కు దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. అప్పటికి డెబ్భై రెండేళ్ళు. ఒక్కతే కూతురు, అనిత, కార్డిఫ్‌లో యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది.

ఆంటీ వంటగదిలో ఇరవై ఏళ్ళు దాటిన టాప్‌లోడర్ ఒకటుండేది. దాన్ని నేను రెండుసార్లు విప్పాను. ఒకసారి బెల్టు కోసం, ఒకసారి మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌ల కోసం. లోపల బయటి తొట్టి మొత్తం స్టీలు. డ్రమ్మును మోసే బేరింగులు అటూ ఇటూ బోల్టులతో బిగించి ఉండేవి. అరిగితే విప్పి మార్చుకోవచ్చు. ఫ్లాప్ కొక్కెం చూస్తే, బండి తలుపు గడియలా ఉండేది. దాన్ని చేసినవాడు ఎవడో గానీ, తన పేరు దాని మీద ఉంటుందని గుర్తుపెట్టుకుని చేశాడనిపించేది.

2014లో ఆ మెషిన్‌లో టైమర్ కాలిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. ఆంటీ అడిగారు.

"అయితే ఏం కొనమంటావు బాబూ? మళ్ళీ ఇదే కంపెనీది వస్తోందట. షాపులో చూశాను. అవే నీలం అక్షరాలు."

"కళ్ళు మూసుకుని కొనండి ఆంటీ. ఆ పేరుకు ఢోకా లేదు" అన్నాను.

పాత మెషిన్‌ను బయటికి తేవడానికి నాకు ఇంకో మనిషి తోడు కావలసి వచ్చింది. కొత్తదాన్ని నేనొక్కణ్ణే ట్రాలీ మీద వంచి లోపలికి తెచ్చేశాను. అప్పుడే అనుమానం రావలసింది. నా నడుము బతికిందని సంతోషించాను. ఆంటీ దాని నెత్తిన చెయ్యి వేసి, పాత విద్యార్థి కొడుకును చూసినట్టు చూసి, "పోలికలున్నాయి" అన్నారు.

మరుసటి వసంతంలో నా ఫోన్‌కు వారంటీ పని ఒకటి వచ్చింది. చూస్తే ఆంటీ చిరునామా. మెషిన్ తిరుగుతూ తిరుగుతూ పెద్ద చప్పుడు చేసి ఆగిపోయిందట. వెళ్ళి మూత ఎత్తాను. ఫ్లాప్ రెక్క ఒకటి బయటికి విరుచుకుని తొట్టిలో ఇరుక్కుని ఉంది. తొట్టి ప్లాస్టిక్‌ది. అడ్డంగా చీలింది. నీళ్ళు వేడిచేసే రాడ్డు వంకర తిరిగింది. ఇలాంటివి అంతకుముందూ చూశాను. ఇంకేం ఆలోచించలేదు.

"ఆంటీ, ఫ్లాప్ వేసినప్పుడు టిక్‌మని రెండు శబ్దాలు వినపడినాయా?"

ఆవిడ నా వైపు చూసి, మెషిన్ వైపు చూశారు. "విన్నాననే అనుకున్నాను బాబూ."

"కొక్కెం సరిగ్గా పడకుంటే ఇట్లే అవుతుంది. ఎవరికైనా అవుతుందిలే."

ఆవిడ మూత అంచు తడిమి చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఏమో. ఈ మధ్య మరుపు వస్తోంది. మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాను. నేనే వేసి ఉండను."

నేను నవ్వాను. "మా సునీత అయితే ఒకసారి కారు తాళాలు బియ్యం డబ్బాలో పెట్టింది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. జాబ్ షీట్‌లో కోడ్ వేశాను. దాని పక్కన అచ్చయి ఉండే వాక్యం: 'వినియోగదారు ఫ్లాప్ సరిగా వేయలేదు.' తెర మీద వేలితో సంతకం పెట్టమని ఫోన్ అందించాను. ఆవిడ ఆ వాక్యాన్ని కళ్ళజోడు సరిచేసుకుని చదివి, సంతకం పెట్టారు. తొట్టి, డ్రమ్ము కలిసి ఒకటే భాగంగా వస్తాయి, కొత్తది ఆవిడ ఖర్చుతోనే వేశాను. పాతదాన్ని డ్రమ్ముతో సహా తెచ్చి, తుక్కుకు వేసే సామానుతో పాటు మా గ్యారేజీలో పడేశాను. నా దృష్టిలో ఆ పని అక్కడితో అయిపోయింది.

ఆరు నెలల తర్వాత, అక్టోబరులో, మళ్ళీ అదే చిరునామా వచ్చింది. ఈసారి తలుపు తీసింది అనిత. కార్డిఫ్ నుంచి నాలుగైదు గంటలు కారు నడుపుకుంటూ ముందురోజే వచ్చిందట. ముఖంలో అలసట కనబడుతోంది. ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది.

వంటగదిలోకి వెళ్ళగానే నాకు మొదట కనిపించింది మెషిన్ కాదు, ఫ్రిజ్ తలుపు. దాని మీద తెల్లకాగితం, దాని మీద ఆంటీ గుండ్రటి అక్షరాలు: 'ఒకటి, గ్యాస్. రెండు, తాళం. మూడు, ఫ్లాప్ - రెండు కొక్కేలు.' మూడో దాని కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. మెషిన్ మూత మీద కూడా అదే మాట రాసిన చీటీ అతికించి ఉంది. ఆంటీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ నేను గడప తొక్కేలోపే టీ పెట్టే మనిషి, ఆ రోజు లేవలేదు.

మూత ఎత్తాను. వసంతంలో చూసిందే మళ్ళీ చూశాను.

అనిత గొంతు తగ్గించి ఇంగ్లీషులో చెప్పింది. "ఇది రెండోసారి. అమ్మ ఫ్లాప్ వేయడం మర్చిపోతోంది. ఇవాళ మెషిన్, రేపు గ్యాస్ అయితే? మా ఇంటి దగ్గర పెద్దవాళ్ళుండే ఫ్లాట్లు ఉన్నాయి, వార్డెన్ కూడా ఉంటాడు. అక్కడికి మార్చేద్దామనుకుంటున్నాను. అమ్మను చూసే డాక్టరుతో, జీపీతో కూడా మాట్లాడాను. వచ్చే నెల మెమరీ క్లినిక్‌లో పరీక్ష. మీరు పోయినసారి రాసిన రిపోర్టు చూపించాను."

నేను రాసిన రిపోర్టు. ఒక గడిలో నేను వేసిన నంబరు డాక్టరు దాకా వెళ్ళింది.

"నేను వేశాను" అన్నారు ఆంటీ, కుర్చీలోంచి.

"మమ్, ప్లీజ్..."

"వేశాను అనితా. ఫొటో ఉంది."

ఒళ్ళోని ఫోన్ తెరిచి నాకు అందించారు. చూస్తే ఒకటే బొమ్మ, మళ్ళీ మళ్ళీ. డ్రమ్ము, మూసిన ఫ్లాప్, రెండు కిటికీలు, రెండు కొక్కేలు. వేలితో వెనక్కి తోస్తూ పోయాను. సెప్టెంబరు, ఆగస్టు, జులై. బట్టలు వేసిన ప్రతిసారీ మూత దించేముందు తీసిన ఫొటో. వెలుతురు చాలని రోజుల్లో ఫ్లాష్ వేసి తీశారు. అన్నిటికంటే చివరిది ముందురోజు ఉదయం తొమ్మిదీ నలభైకి తీసింది. దాన్ని పెద్దది చేసి చూశాను. రెండు కొక్కేలూ కిటికీల్లోంచి పూర్తిగా బయటికి వచ్చి పడి ఉన్నాయి.

అనిత నా భుజం మీదుగా చూసింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తనూ వెనక్కి తోసి చూసింది. ఈసారి ఆమె గొంతులో విసుగు లేదు. "వై, మమ్? ఇన్ని ఫొటోలు ఎందుకు?"

"నన్ను నేను నమ్మలేక" అన్నారు ఆంటీ. "మెషిన్ ఆన్ చేసి వచ్చి కూర్చుంటాను. వేశానా లేదా అని అనుమానం. ఆపి చూద్దామంటే నీళ్ళు నిండిపోయాక మూత రాదు. అందుకని ఫొటో చూసుకుంటాను. ఒక్కోరోజు నాలుగైదుసార్లు చూసుకుంటాను."

అనిత తల్లి పక్కన నేల మీదే కూర్చుంది. నేను అక్కడ నిలబడలేక పనిలో పడ్డాను.

వసంతంలో నేను చేయని పని ఆ రోజు చేశాను. మెషిన్ పక్క రేకులు విప్పి, చీలిన తొట్టిని కోసి డ్రమ్మును పూర్తిగా బయటికి తీసి, పాత వార్తాపత్రికలు పరిచి దాని మీద పెట్టి, టార్చి వేసి చూశాను. కొక్కెం పడనే పడకపోతే కిటికీ అంచులు నున్నగా ఉండాలి. ఇక్కడ అంచులు గీసుకుపోయి మెరుస్తున్నాయి. కొక్కేలు సాగి, మొనలు పైకి వంగాయి. పడిన కొక్కేన్ని బలవంతంగా లాగితేనే అలా అవుతుంది. ఫ్లాప్ రేకును రెండు వేళ్ళతో నొక్కాను. పాలపొడి డబ్బా మూతలా లోపలికి పోయి, వదలగానే పైకి వచ్చింది. తడిసిన దుప్పటి బరువుకు, ఆ వేగానికి రేకు ఉబ్బి, కొక్కేన్ని కిటికీలోంచి ఊడబెరుకుతోంది. ఆంటీ ఎన్నిసార్లు నొక్కినా, ఎన్ని ఫొటోలు తీసినా అది ఆగేది కాదు.

చీలిన ప్లాస్టిక్ తొట్టిని తిరగేస్తే, అచ్చుతో పాటే పోతపోసిన చిన్న గుర్తు ఒకటి కనిపించింది. నీలం అక్షరాల కంపెనీది కాదు. ఆ గుర్తు నాకు తెలుసు. ఆ ఏడాదే వేరే రెండు పేర్లతో అమ్మిన మెషిన్లలో చూశాను. ఒకటి చవకరకం, ఒకటి ఖరీదైనది. మూత రంగు, బటన్ల వరస, బయటి పేరు, ఇవే తేడాలు. లోపల అదే తొట్టి, అదే డ్రమ్ము, అదే పలచటి రేకు. డ్రమ్ము బేరింగులు చూద్దామంటే తొట్టి రెండు సగాలనూ కరిగించి అతికించేశారు. బోల్టు అన్నదే లేదు. విప్పడానికి వీల్లేకుండా చేసిన వస్తువు అది.

ఆంటీ ఫొటోలు నా ఫోన్‌కు పంపించుకుని, డ్రమ్మును వ్యానులో వేసుకుని, అక్కడే కూర్చుని వారంటీ కంపెనీకి ఫోన్ చేశాను. మా పనులు చూసే మేనేజరు డారెన్. మనిషి మంచివాడే, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతాడు.

"డారెన్, ఇది తయారీ లోపం. కొక్కెం పడే ఉంది. నా దగ్గర ఫొటో ఉంది, డ్రమ్ము ఉంది."

"ఫ్లాప్ తెరుచుకుందా?"

"తెరుచుకుంది. కానీ..."

"తెరుచుకుంటే ఆ కోడే. ఇంకో కోడ్ లేదు కదా."

"ఇంకోటి పెట్టండి. ఇన్నేళ్ళుగా ఆ పేరు మీద నమ్మకంతో కొంటున్నారు జనం."

అతను నవ్వాడు. వెక్కిరింపుగా కాదు, జాలిగా. "ఏ పేరు? ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. పేరు ఒక్కటే ఎవరో కొనుక్కుని, నచ్చిన మెషిన్ మీద అతికించుకుంటున్నారు. నీకు తెలియదా?"

నాకు తెలియదు. పాత మెషిన్‌ను రెండుసార్లు విప్పిన చేతులతో, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదని కూడా చూసుకోకుండా, కళ్ళు మూసుకుని కొనమన్నాను.

ఇంటికి వెళ్ళి గ్యారేజీలో తుక్కు సామాను అంతా బయటికి లాగాను. ఆంటీ మెషిన్ మొదటి డ్రమ్ము అడుగున దొరికింది. తొట్టి కోసి బయటికి తీసి, తుడిచి చూశాను. కిటికీ అంచుల మీద అవే గీతలు. కొక్కేల మొనలు అలాగే పైకి వంగి ఉన్నాయి. మొదటిసారి కూడా ఆవిడ ఫ్లాప్ వేశారు. టార్చి వేసి రెండు నిమిషాలు చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

మరునాడు పొద్దున్నే రెండు డ్రమ్ములూ వ్యానులో వేసుకుని వెళ్ళాను. అనిత ఇంకా అక్కడే ఉంది. ఇద్దరినీ బయటికి పిలిచి, వ్యాను వెనక తలుపు తీసి, డ్రమ్ములు పక్కపక్కన పెట్టి గీతలు చూపించాను. లెక్కల టీచరు కదా, ఆవిడకు రెండోసారి చెప్పనక్కరలేకపోయింది. వంగలేరు కాబట్టి డ్రమ్మును ఎత్తి ఆవిడ కళ్ళకు ఎదురుగా పట్టుకున్నాను. వేలితో ఒక అంచు తడిమారు, రెండోదాని అంచు తడిమారు.

"పోయినసారి కూడా మీ తప్పు కాదు ఆంటీ. నేను చూడకుండా రాసినా. నాదే తప్పు."

క్షమించాననే మాట వస్తుందని నాకు తెలియకుండానే ఎదురుచూశాను. రాలేదు.

"ఆ కంపెనీవాడు వచ్చి చెబితే పోట్లాడేదాన్ని బాబూ" అన్నారు. "నాకు వినపడింది, రెండు టిక్కులూ వినపడ్డాయి, పోవయ్యా అనేదాన్ని. నువ్వు చెప్పావు. నువ్వు అబద్ధం చెప్పవు కదా. అందుకని నా చెవుల్నే తప్పుపట్టుకున్నాను. అక్కడితో ఆగలేదు. తలుపు తాళం వేశానో లేదో, మందు వేసుకున్నానో లేదో, అన్నీ అనుమానమే. ఆరు నెలలు."

డ్రమ్ము పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆవిడే మళ్ళీ అన్నారు. "క్లాసులో లెక్క ఇస్తే, పుస్తకం వెనక జవాబుతో సరిపోకపోతే పిల్లలు చెరిపేసుకునేవాళ్ళు. మంచి పిల్లలే ముందు చెరిపేసేవాళ్ళు. పుస్తకంలో జవాబు తప్పు అచ్చయిందని కనిపెట్టేదాకా ఎంతమంది సరైన లెక్కలు చెరుపుకున్నారో. చెరపొద్దర్రా, ముందు ఇంకోసారి చేసి చూడండని మొత్తుకునేదాన్ని. చూడు, నాకే ఆ మాట గుర్తు రాలేదు."

అనిత తెలుగులో ఒక్క మాట అంది. ఆమె నోట తెలుగు వినడం నాకు అదే మొదటిసారి. "తప్పయిందమ్మా."

ఆ మధ్యాహ్నం జాబ్ షీట్ నింపాను. కోడ్ గడిని ఖాళీగా వదిలేస్తే షీట్ వెళ్ళదు. అందుకని 'ఇతర కారణాలు' అన్నది నొక్కి, కింద రాసుకోవడానికి ఇచ్చిన చోట నాకు వచ్చిన ఇంగ్లీషులో అంతా రాశాను. ఫొటోలు జతచేశాను. వసంతంలో నేను ఇచ్చిన రిపోర్టు తప్పనీ, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ విడిగా ఒక ఉత్తరం రాసి, ఒక కాపీ ఆంటీకి, ఒక కాపీ అనితకు ఇచ్చాను. అనిత తన కాపీని జీపీ క్లినిక్‌కు తానే తీసుకెళ్ళి ఇచ్చింది.

డారెన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి షీట్ మార్చమన్నాడు. రెండోసారి, "నీకోసమే చెబుతున్నాను" అన్నాడు. నేను మార్చలేదు. ఆ తర్వాత ఎవరూ నన్ను తీసేస్తున్నామని చెప్పలేదు. ఫోన్‌లో పనులు రావడం తగ్గింది, ఆపైన ఆగిపోయింది. కొన్ని వారాలకు మెషిన్ అమ్మిన కంపెనీ ఆంటీకి ఉత్తరం రాసింది. తప్పు ఒప్పుకోలేదు. విలువైన కస్టమర్ కాబట్టి మర్యాదపూర్వకంగా మెషిన్ వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ఆంటీ ఆ ఉత్తరంలో రెండు చోట్ల వ్యాకరణం దిద్ది ఫైల్లో పెట్టుకున్నారు.

మెమరీ క్లినిక్‌లో పరీక్ష జరిగింది. వయసుకు తగ్గ మరుపే తప్ప ఏమీ లేదన్నారు, ఏడాది తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అనిత ఫ్లాట్ మార్చే మాట పక్కన పెట్టింది. ఫ్రిజ్ మీద కాగితం మాత్రం చాలాకాలం ఉంది. ఒకసారి పోయిన ధైర్యం ఉత్తరం చూపిస్తే వెంటనే తిరిగిరాదు. మళ్ళీ టాప్‌లోడర్ కొనడానికి ఆవిడ ఒప్పుకోలేదు. నేను ఒక వడ్రంగిని పట్టుకుని, వంటగదిలో ఒక అలమర తీయించి, నడుము ఎత్తు వచ్చేలా గట్టి చెక్కపీఠం గోడకు బిగించి చేయించాను. దాని మీద ఫ్రంట్‌లోడర్ పెట్టాం. వంగకుండా నిలబడే బట్టలు వేసుకోవచ్చు.

"ఏ కంపెనీ ఇది?" అన్నారు ఆంటీ.

"పేరు చూసి కొనలేదు ఆంటీ. షాపులో వెనక రేకు విప్పించి చూసినా. తొట్టికి బోల్టులుండాయి."

మూడేళ్ళ తర్వాత ఆవిడ కార్డిఫ్ వెళ్ళిపోయారు. ఎవరూ తీసుకెళ్ళలేదు. మెట్లు లేని ఇల్లు చూసుకుని, సామాను తానే సర్ది, తానే నిర్ణయించుకుని వెళ్ళారు.

చెప్పవలసింది ఇంకోటి మిగిలి ఉంది. ఆ అక్టోబరులోనే ఒక ఆదివారం మధ్యాహ్నం నా పాత జాబ్ షీట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆంటీది కాక ఇంకో ఆరు ఇళ్ళలో అదే డ్రమ్మున్న మెషిన్లకు నేను అదే కోడ్ వేశాను. ఎవరి ఇంట్లోనూ డ్రమ్ము బయటికి తీసి చూడలేదు. సునీత చదివి, "ఫోన్ చెయ్యి" అంది. అంతే అంది.

ఇద్దరు ఫోన్ ఎత్తలేదు. ఒకావిడ ఆ మెషిన్ ఎప్పుడో పారేశానంది. ఇద్దరు నా ఉత్తరం కాపీ పంపమన్నారు. పంపాను. చివరిది వేక్‌ఫీల్డ్ వైపు ఉండే ఒక పెద్దాయన. నేను ఫలానా అని చెప్పి, ఆ రోజు నేను రాసింది పొరపాటు, మెషిన్‌దే లోపం అన్నాను.

"మా ఆవిడ వేశానని చెబుతూనే ఉంది" అన్నాడాయన. "నేను వినలేదు. రిపోర్టులో రాసుంది కదా అన్నాను. ఆ రోజు నుంచి తనను ఆ మెషిన్ ముట్టుకోనివ్వలేదు. బట్టలు నేనే ఉతుకుతున్నాను."

"ఆమె ఇంట్లో ఉన్నారా?"

"ఇక్కడే ఉంది. పక్కగదిలో."

"ఫోన్ ఒకసారి ఆమెకు ఇవ్వండి" అన్నాను.

అడుగుల చప్పుడు వినపడింది. తలుపు తీసిన శబ్దం. తర్వాత ఒక పెద్దావిడ గొంతు, ఎవరో తెలియక కాస్త బెదురుగా, "హలో" అంది. ఆమెకు నా పేరు చెప్పాను. ఆ రోజు ఫ్లాప్ మీరు సరిగ్గానే వేశారని చెప్పాను. ఆమె ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను.

ఆనాటి నుంచి ఏ పేరున్న మెషిన్ అయినా విప్పి చూడకుండా మంచిదని చెప్పను. డ్రమ్ము బయటికి తీసి చూడకుండా ఏ మనిషిదీ తప్పని రాయను. ఇలా చేస్తే రోజుకు రెండు ఇళ్ళు తక్కువ తిరుగుతాను. అయినా అలాగే చేస్తున్నాను.